"పోర్టు పోయింది" అంటే ఏ పోర్టు?

విశాఖపట్నం దొండపర్తిలో ఫోన్లు బాగుచేసే ఒక చిన్న దుకాణం. మా పెద్దనాన్న ఫోను రెండు రోజులుగా చార్జింగ్ ఎక్కడం లేదు. దుకాణంలోని కుర్రవాడు దాన్ని దీపం కింద తలకిందులుగా పట్టుకుని, కింది అంచున ఉన్న కంతలోకి భూతద్దంతో చూశాడు. సన్నని పట్టకారు పెట్టి, చొక్కా జేబులోంచి చేరిన నూలుపీచును ఆవగింజంత ఉండగా బయటికి తీశాడు. వైరు గుచ్చి చూశాడు. ఫలితం లేదు. "పోర్టు పోయింది తాతగారూ, మార్చాలి" అన్నాడు.

పెద్దనాన్న విశాఖ పోర్టులో, పెద్ద ఓడలను లాగే టగ్గుల మీద ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మా ఇంట్లో పోర్టు అంటే ఆయన ఉద్యోగం, నెల మొదట్లో వచ్చే జీతం, రాత్రి షిఫ్టు ముగిసి తెల్లవారుజామున గుమ్మంలో వినిపించే సైకిలు చప్పుడు. "పోర్టు పోవడం ఏమిటి బాబూ?" అని ఆయన నిజంగానే అడిగారు. కుర్రవాడు ఓపికగా ఆ కంతను చూపించాడు. అంతలో పక్కన నిలబడ్డ ఒకావిడ "నా నంబరు పోర్టు అయిందో లేదో కాస్త చూడండి" అంటూ సిమ్ము కార్డు బల్ల మీద పెట్టింది.

ఒక దుకాణం, రెండు నిమిషాలు, మూడు పోర్టులు. బస్సులో ఇంటికి వస్తూ పెద్దనాన్న అడిగారు: "ఓడ ఆగే చోటుకూ, ఆ కంతకూ, ఆవిడ నంబరుకూ ఒకటే పేరు ఎందుకురా? వేరే మాటలే దొరకలేదా?" నేను ఇంగ్లిషు పాఠాలు చెప్పేవాణ్ణి. అప్పటికి తోచిందేదో చెప్పాను గానీ ఆ జవాబు ఆయనకు ఆనలేదు, నాకూ ఆనలేదు. ఆ ప్రశ్నకు నిదానంగా, తగినంత శ్రద్ధగా జవాబు చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా పట్టుకోవాలి. తెలుగులో "పాలు" అనే మాట చూడండి. గిన్నెలో పాలు వేరు, ఆస్తిలో పాలు వేరు. అవి రెండు మాటలు. రూపం మాత్రం కలిసింది. "కన్ను" అలా కాదు. మనిషి కన్ను, కొబ్బరికాయ కన్ను, ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసుకునేవాళ్లు చూసుకునే వల కన్ను, ఇవన్నీ ఒకే మాట సాగి సాగి చేరిన అర్థాలు. నిఘంటువులు మొదటి రకాన్ని వేర్వేరు మాటలుగా విడగొట్టి ఇస్తాయి, రెండో రకాన్ని ఒకే మాట కింద వరసగా ఇస్తాయి. పెద్ద ఇంగ్లిషు నిఘంటువు తెరిస్తే పోర్టు "పాలు" రకానికి చెందినట్టు కనిపిస్తుంది: విడివిడిగా నాలుగైదు మాటలు. తవ్వుకుంటూ లోపలికి పోతే అది "కన్ను" రకంగా మారుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఓడల పోర్టుతో మొదలుపెడదాం. దీని తల్లి లాటిన్‌లోని "పోర్టుస్". ఇంగ్లిషులోకి చేరి వెయ్యేళ్లు దాటింది. పక్కనే హార్బర్ అనే మరో మాట ఉంది. మన పత్రికలు రెండింటికీ నౌకాశ్రయమనే రాస్తుంటాయి గానీ రెండూ ఒకటి కావు. హార్బర్ అంటే గాలికీ కెరటానికీ చాటుగా ఉన్న నీళ్లు. ఆ మాటకు మూలార్థం సైన్యం తలదాచుకునే విడిది. పోర్టు అంటే సరుకు దిగి, సుంకం కట్టి, దేశంలోకి దారి పట్టే చోటు. హార్బర్‌ను ప్రకృతి ఇవ్వవచ్చు. పోర్టును మనుషులు కట్టుకోవలసిందే.

ఈ తేడాను చూపించడానికి విశాఖను మించిన ఊరు నాకు తెలియదు. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచి, దక్షిణం నుంచి వచ్చే కెరటాల జోరుకు అడ్డం నిలబడుతుంది. ఆ చాటు యుగాలుగా ఉంది. అయినా పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసుకునేవి, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. మధ్య భారతంలోని మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి కావలసివచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం పడింది. మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే చిత్తడి నేలను తవ్వి లోతు చేశారు. ఇసుక మేటనూ అలలనూ ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబర్‌లో వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. హార్బర్ ఎప్పటినుంచో ఉంది, పోర్టు ఆ ఏడాది పుట్టింది.

అలా చూస్తే నౌకాశ్రయం అనే మన మాట హార్బర్‌కే సరిగ్గా అతుకుతుంది. ఆశ్రయమంటే తలదాచుకునే చోటు కదా. పోర్టుకు అసలైన జోడీ "రేవు". నేల మీది నుంచి నీళ్లలోకి దిగే, నీళ్లలోంచి నేల మీదికి ఎక్కే చోటు రేవు. చాకిరేవు, స్నానాల రేవు, పడవ రేవు, ఓడరేవు, అన్నింటిలోనూ ఆ దిగడమూ ఎక్కడమూ ఉన్నాయి. ఇంత చక్కని పొట్టి మాటను పక్కన పెట్టి బరువైన సమాసాలు ఎందుకు మోస్తున్నామో నాకు అర్థం కాదు.

మన ఊరి పేరులోనే ఇంకో సంగతి దాగి ఉంది. పట్నం అంటే ఇప్పుడు పెద్ద ఊరు. దాని పాత రూపమైన పత్తనానికి సరుకు దిగే రేవుపట్టణం అనే అర్థం ఉండేది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, రేవుపట్టణాలకు పత్తనాధ్యక్షుడు పెట్టిన కట్టుబాట్లను ఓడల అధికారి పాటించాలని ఉంటుంది. భీమునిపట్నం, కళింగపట్నం, మచిలీపట్నం, నాగపట్నం, ఇవన్నీ సముద్రపుటొడ్డునే ఎందుకు ఉన్నాయో గమనించండి. విశాఖపట్నం పోర్టు అన్నప్పుడల్లా మనం ఒకే అర్థాన్ని రెండు భాషల్లో రెండుసార్లు పలుకుతున్నాం.

ఓడకు ఎడమ పక్కను కూడా పోర్టు అనే అంటారు. దీన్ని నాకు నిఘంటువు కంటే ముందు పెద్దనాన్నే నేర్పారు. ఆయన చెప్పిన పద్ధతి ఇది: "ఓడ మీద కుడి, ఎడమ అంటే పనికి రాదు. నువ్వు వెనక్కి తిరిగితే నీ ఎడమ మారిపోతుంది. ఓడ ముక్కు వైపు చూసినప్పుడు ఎడమ పక్క పోర్టు, కుడి పక్క స్టార్‌బోర్డు. నువ్వు ఎటు తిరిగినా పోర్టు పోర్టే." రాత్రిపూట పోర్టు పక్క ఎర్ర దీపం, స్టార్‌బోర్డు పక్క పచ్చ దీపం వెలుగుతాయి. చీకట్లో ఎదుటి ఓడ ఆకారం తెలియకపోయినా, ఎర్ర దీపం ఒక్కటే కనిపిస్తే దాని ఎడమ పక్క మనవైపు ఉన్నట్టు. సముద్రం నుంచి విశాఖ చానెల్‌లోకి వచ్చే ఓడకు నీటి మీద తేలే గుర్తుల్లోనూ ఇదే పద్ధతి: ఎడమ చేతివైపు ఎరుపు, కుడి చేతివైపు పచ్చ. అమెరికా ఖండాల్లో ఈ తేలే గుర్తుల రంగులు తారుమారుగా ఉంటాయి. ఓడ మీది దీపాలు మాత్రం ప్రపంచమంతటా ఒకటే.

ఎడమకు ఆ పేరు ఎలా వచ్చింది? వెనక మధ్యలో చుక్కాని అమర్చడం రాకముందు ఉత్తర ఐరోపా ఓడలను కుడి పక్కన కట్టిన పెద్ద తెడ్డుతో నడిపేవారు. ఆ నడిపే పక్కే స్టార్‌బోర్డు. ఆకాశంలోని చుక్కలకూ దానికీ సంబంధం లేదు. ఒడ్డుకు ఆనించేటప్పుడు తెడ్డు నలిగిపోకూడదు కాబట్టి ఎడమ పక్కను రేవు వైపు తిప్పేవారు. రేవుకు తగిలే పక్క, సరుకు ఎక్కించే పక్క ఎడమ అయింది. దానికి మొదట్లో ఉన్న పేరు లార్‌బోర్డు. గాలివానలో కేకేసి చెబితే లార్‌బోర్డు, స్టార్‌బోర్డు చెవికి ఒకేలా వినిపించేవి. ఆ పొరపాటుకు ప్రాణాలే మూల్యం. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డును మాన్పించి పోర్టు అనే మాటనే వాడాలని ఆజ్ఞ ఇచ్చింది. ఒక మాటను అర్థం కోసం కాక, తుఫానులో వినిపించే తీరు కోసం ఎంచుకున్న సందర్భాలు భాషా చరిత్రలో అరుదు.

అయినా గందరగోళం పూర్తిగా తీరలేదు. 1912లో టైటానిక్ ముందు మంచుకొండ కనిపించినప్పుడు అధికారి ఇచ్చిన ఆజ్ఞ స్టార్‌బోర్డుకు; ఓడ తిరిగింది ఎడమకు. అది తప్పిదం కాదు. చుక్కాని పిడిని ఎటు తొయ్యాలో చెప్పడం ఆనాటి ఆజ్ఞల పద్ధతి, పిడిని కుడికి తోస్తే ఓడ ఎడమకు మళ్లుతుంది. ఓడ ఎటు తిరగాలో అటే చెప్పే పద్ధతి బ్రిటిష్ ఓడల్లో 1930ల తొలి ఏళ్లలో, ఇంచుమించు మన పోర్టు తెరుచుకున్న రోజుల్లోనే స్థిరపడింది.

ఇక ఫోను దగ్గరికి వద్దాం. కుర్రవాడు చూపించిన కంత ఓడరేవు నుంచి రాలేదు. లాటిన్‌లో "పోర్టా" అనే ఇంకో మాట ఉంది. దానర్థం ద్వారం, కోటగుమ్మం. ఈ కుటుంబాన్ని మనం రోజూ చూస్తూనే ఉన్నాం: ఇంటి ముందు కారు నిలుపుకునే పోర్టికో దీని బిడ్డే. పాత యుద్ధనౌకల పక్కల్లో ఫిరంగి మూతి బయటికి పెట్టడానికి కోసిన తలుపుల కంతలను పోర్టులనేవారు. ఆవిరి యంత్రాలు వచ్చాక సిలిండర్‌లోకి ఆవిరి వచ్చిపోయే కంత పోర్టు అయింది. తర్వాత కరెంటూ సమాచారమూ వచ్చిపోయే కంతకూ అదే పేరు నిలిచింది. పెద్దనాన్న ఫోనులోని ఆ చిన్న గుమ్మంలో, టైప్-సీ రకం కాబట్టి, 24 తీగల కొసలు వరసగా కూర్చునే వీలుంది. వాటి మీద చొక్కా పీచు పేరుకుంటే గుమ్మం మూసుకుపోయినట్టే.

కంప్యూటర్లలో కంటికి కనిపించని పోర్టులు కూడా ఉన్నాయి. ఇక్కడ చాలామంది విద్యార్థులు తడబడతారు. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉంటుంది. ఒకే యంత్రంలో పది రకాల పనులు నడుస్తుంటే వచ్చిన సమాచారం ఏ పనికి చెందినదో తెలియాలి. దాని కోసం చిరునామా పక్కన 0 నుంచి 65535 వరకు ఒక సంఖ్య చేరుస్తారు. అదే పోర్టు నంబరు. మామూలు వెబ్ పేజీలకు 80, భద్రత ఉన్నవాటికి 443. ఈ సంగతి పెద్దనాన్నకు నేను వివరించాల్సిన అవసరమే రాలేదు. "విశాఖకు ఓడ వచ్చిందంటే సరిపోదు కదా, ఏ బెర్తులో కట్టాలో చెప్పాలి. బొగ్గు ఓడను తీసుకెళ్లి నూనె బెర్తులో పెడితే ఎలా?" అన్నారు. ఇంత సూటిగా చెప్పిన పాఠ్యపుస్తకాన్ని నేను చూడలేదు. మాట పుట్టింది గుమ్మం వైపు నుంచే అయినా, దాన్ని అర్థం చేసుకోవడానికి ఓడరేవే బాగా పనికొచ్చింది.

మూడోది ఆవిడ నంబరు. ఇది కంతా కాదు, రేవూ కాదు. లాటిన్‌లో "పోర్టారే" అంటే మోయడం, ఒకచోటి నుంచి మరో చోటికి తీసుకుపోవడం. నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే సౌకర్యం మన దేశంలో 2010 నవంబర్‌లో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతటికీ వచ్చింది. పోర్ట్ అనే మాట, పక్కన నంబరు రాసి 1900కు సందేశం పంపడంతో పని మొదలవుతుంది. అక్కడ ఆ మాటకు అర్థం "నా నంబరును మోసుకుపోతున్నాను" అని. ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రామును ఇంకో యంత్రం మీద నడిచేలా మార్చడాన్నీ ఈ అర్థంలోనే పోర్టు చేయడం అంటారు.

ఈ మోత కుటుంబం పెద్దది. ఎక్స్‌పోర్ట్ అంటే బయటికి మోయడం, ఇంపోర్ట్ లోపలికి, ట్రాన్స్‌పోర్ట్ అటునుంచి ఇటు, రిపోర్ట్ వెనక్కి తెచ్చి అప్పగించడం, సపోర్ట్ అడుగున ఉండి మోయడం. మంత్రుల పోర్ట్‌ఫోలియో అంటే కాగితాలు మోసే సంచి. రైల్వే స్టేషన్లో ఎర్ర చొక్కా వేసుకున్న పోర్టర్ ఈ కుటుంబం వాడే. కానీ ఇంగ్లిషులో ద్వారపాలకుణ్ణి కూడా పోర్టర్ అంటారు, అతను గుమ్మం కుటుంబం వాడు. ఇద్దరూ అన్నదమ్ముల్లా కనిపిస్తారు గానీ ఇంటిపేర్లు వేరు.

ఇలాగే మోసం చేసే మరో మాట ఆపర్చ్యూనిటీ. చూడటానికి మోత కుటుంబంలా ఉంటుంది గానీ అది ఓడరేవు బిడ్డ. ఓడను రేవు వైపుకు తోసే గాలిని లాటిన్ మాట్లాడేవాళ్లు "రేవు ముఖంగా" అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. అదే సాగి సాగి, సరైన సమయం, అవకాశం అయింది. మన రైతు "గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలి" అంటాడు. వాళ్లకు ఓడ, మనకు కళ్లం; గాలి మాత్రం ఒకటే. ఈ పోలిక తట్టిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

నాలుగోది పోర్టు అనే తియ్యని ద్రాక్షసారా. పులుస్తున్న రసంలో బ్రాందీ కలిపి పులియడం ఆపేస్తారు, అందుకే తీపి మిగులుతుంది. అది తయారయ్యే డోరో నది లోయ నుంచి సరుకంతా నది ముఖాన ఉన్న పోర్టో అనే ఊరి మీదుగా ఓడలెక్కేది. పోర్టో అంటే రేవే. ఆ ప్రాంతపు పాత పేరు "పోర్టుస్ కాలే", అదే పోర్చుగల్ అయింది. అంటే ఒక దేశం పేరులోనే రేవు కూర్చుని ఉంది. ఇక్కడ మనకు సొంతమైన ముక్క ఒకటుంది. పోర్చుగీసువాళ్లను మన పెద్దలు బుడతకీచులు అనేవారు. ఆ పేరు పోర్చుగీసు అన్నదానికే తెలుగు నోట పడిన రూపం. ఇంగ్లిషువాళ్ల పోర్టు మన ఊరికి రాకముందే, అదే లాటిన్ రేవు బుడతకీచుల వేషంలో తెలుగులోకి వచ్చి చేరింది. వాళ్లతో పాటే అలమార, బొత్తాం, పాదిరీ కూడా వచ్చాయి. అరబ్బుల భాషలో కమలాపండుకు పేరు "బుర్తుకాల్", అదీ పోర్చుగలే.

ఇప్పుడు అడుగు పొర. రేవు, గుమ్మం, మోత: లాటిన్‌లోనే ఇవి మూడు మాటలుగా విడిపోయి ఉన్నాయి. ఇంకా వెనక్కి, లాటిన్‌కూ ఇంగ్లిషుకూ సంస్కృతానికీ తల్లి అయిన పాత భాష దాకా వెళ్తే మూడింటికీ ఒకే వేరు ఉందని భాషాశాస్త్రజ్ఞులు చూపిస్తారు. "పెర్" అనే ఆ మూలధాతువుకు అర్థం దాటడం, దాటించడం. నీటిని దాటి నేలకు చేరే చోటు రేవు. గోడను దాటే చోటు గుమ్మం. వస్తువును దాటించడం మోత. ఏరు దాటించే ఫెర్రీ కూడా ఆ వేరు నుంచి మొలిచిందే. ఆ వేరుకు సంస్కృతంలో చిగిర్చిన కొమ్మ "పారం", అవతలి ఒడ్డు. విద్యలో అవతలి ఒడ్డు చేరినవాడు పారంగతుడు. అవతలి ఒడ్డే లేనిది అపారం. రెండు ఒడ్లనూ కలుపుకున్న సముద్రం పారావారం. తల్లికి బిడ్డ మీద అపారమైన ప్రేమ అని మనం రాసే వాక్యంలోనూ, దొండపర్తి దుకాణంలో పాడైన ఆ కంతలోనూ ఉన్నది ఒకే పాత మాట.

ఇన్ని అర్థాలున్నా మనం నిజంగా తికమకపడేది చాలా తక్కువ. తెలుగు వ్యాకరణం ఆ పని నిశ్శబ్దంగా చేసిపెడుతుంది. "పోర్టుకు వెళ్లాడు" అంటే ఓడరేవు. "పోర్టు మార్చాడు" అంటే కంత. "పోర్టు అయ్యాడు" అంటే నంబరు. నామవాచకం పరాయిదే, పక్కన నిలబడ్డ విభక్తీ క్రియా మనవి. అర్థం తేల్చేవి అవే. రాతలోనూ ఒక సూచన ఉంది. బస్సు, కారు, రోడ్డు లాగా పాతకాలంలో వచ్చిన మాట ఉకారం తొడుక్కుని పోర్టు అయింది. ఫోన్ల కాలంలో వచ్చినదాన్ని ప్రకటనల్లో ఎక్కువగా పోర్ట్ అని పొల్లుతో రాస్తున్నారు. అది ఇంకా పూర్తిగా మన ఇంటిది కాలేదని ఆ పొల్లు చెబుతుంది. పెద్దనాన్న తరం నోట పడితే అది కూడా ఉకారం తొడుక్కుంటుంది. యంత్రం చేసిన అనువాదాల్లో "చార్జింగ్ ఓడరేవు" అని చదివినప్పుడు నాకు బాధ కలిగేది ఇందుకే. మాటకు మాట పెట్టారు గానీ దాని పక్కన ఎవరు నిలబడ్డారో చూడలేదు.

రెండు రోజుల తర్వాత ఫోను తెచ్చుకోవడానికి మళ్లీ వెళ్లాం. తీసేసిన పాత పోర్టును కుర్రవాడు చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి ఇచ్చాడు. చింతగింజ కంటే చిన్నది. పెద్దనాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని, వెలుగు కేసి తిప్పి, లోపలి తీగలను చాలాసేపు చూశారు. "గుమ్మం అన్నావు కదా, ఇదీ గుమ్మమే" అని కవరును జేబులో వేసుకున్నారు. కుర్రవాడు ఫోనుకు వైరు పెట్టాడు. పై అంచున, ఎడమ చివర, చిన్న ఎర్ర దీపం వెలిగింది.

"పోర్టు సైడే పెట్టాడు, చూడు" అన్నారు పెద్దనాన్న.